బ్రేకు వేసిన బస్సు వెనుకకు నడుచునా?



భాషాపండితునికి భౌతికశాస్త్రంతో ఏమి పని అని మీరడుగవచ్చు. సమత్వరణంతో ఋజుమార్గాన సాగే చలనంపై ఇచ్చే లెక్కలు సగానికి పైగా భాషకు సంబంధించినవే అని నా అభిప్రాయం. తొమ్మిదవ తరగతి పిల్లలకు మూడు సూత్రాలూ కంఠస్థమే. వారు తడబడేది వాక్యం దగ్గర.

మా సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చింది. దానినే తీసుకొందాం. "నిశ్చలస్థితి నుండి బయలుదేరిన రైలు సమత్వరణంతో 100 సెకన్లలో గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. త్వరణమెంత? సాగిన దూరమెంత?" (అంకెలు నేను కల్పించినవి, రైల్వేవారివి కావు.) తొలివేగం సున్న అని ఎవరూ విడిగా చెప్పలేదు. 'నిశ్చలస్థితి' అన్న మాటే చెప్పింది. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. నూరు సెకన్లలో అంత వేగం పెరిగితే, ప్రతి సెకనుకూ పెరిగిన వేగం సెకనుకు 0.2 మీటర్లు. అదే త్వరణం. 'త్వరగా' అనే మాట తెలిసిన పిల్లవానికి ఈ పేరు కొత్తది కాదు. ఇక సగటు వేగం 10, కాలం 100, దూరం 1000 మీటర్లు. ఈ సగటు చెల్లేది త్వరణం మారనప్పుడే సుమా!

వాక్యార్థం కుదరడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మన శాస్త్రకారులు చెప్పారు. లెక్కకు మొదటి రెండూ అక్షరాలా వర్తిస్తాయి. వాక్యం ఏది ఇచ్చింది, ఏది కోరుతున్నది, ఏ ఊసే ఎత్తలేదు అని చూడడమే ఆకాంక్ష. మొదటి సూత్రంలో దూరం లేదు, రెండవదానిలో తుదివేగం లేదు, మూడవదానిలో కాలం లేదు. ప్రశ్న ఊసెత్తని రాశి ఏ సూత్రంలో లేదో దానిని పట్టుకొంటే చాలు.

యోగ్యత ఇంకా ముఖ్యం. రాజీవ్ రహదారిపై సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతున్న బస్సుకు డ్రైవరు బ్రేకు వేశాడు. ఋణత్వరణం 5. నాలుగు సెకన్లలో ఎంత దూరం పోతుంది? రెండవ సూత్రంలో అంకెలు వేస్తే 60లో నుండి 40 పోగా 20 మీటర్లు వస్తుంది. కాని బస్సు మూడవ సెకను చివరనే ఆగిపోయింది, అప్పటికే 22.5 మీటర్లు పోయింది! మరి నాలుగవ సెకనులో రెండున్నర మీటర్లు వెనుకకు నడిచిందా? 'అగ్నితో తడుపుతున్నాడు' అన్న వాక్యానికి వ్యాకరణం కుదిరినా అర్థం కుదరదని తర్కంలో చెబుతారు. ఈ 20 మీటర్లూ అటువంటిదే. సూత్రం తప్పు కాదు. ఆగిన బస్సుకు ఆ త్వరణం ఇక లేదు.

అదే బ్రేకుతో, వేగం రెట్టింపై 30 అయితే ఆగడానికి పట్టే దూరం 45 కాదు, 90 మీటర్లు. రహదారి పక్క ఊళ్ళ పిల్లలు దీనిని మార్కుల కోసమే నేర్చుకోరాదు.

తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022-23 నుండి ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. ఎదురెదురు పుటలలో రెండు భాషలతో పుస్తకాలు అచ్చువేశారు. మంచి పనే. కాని లెక్క చేసే ముందు తెలుగు పుటను ఒకసారి పైకి చదివించాలి, అందుకు తెలుగు ఉపాధ్యాయుని పిలిచినా నామోషీ లేదు. ఆ తెలుగూ సరళంగా ఉండాలనుకోండి. 'స్థానభ్రంశం' అనగానే నాకు పదవి పోయినవాడు గుర్తుకు వస్తాడు. మీకు ఇంతకంటె మంచి మాట తోస్తే వ్రాయండి.