చదువూ సంస్కారమూ: క్రైస్తవ కళాశాలలో పిల్లల విశ్వాసం ఏమవుతుంది?

ఏటా మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి మన తెలుగు కుటుంబాల్లో ఒకటే చర్చ. ఏ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది, స్కాలర్‌షిప్ ఎంత ఇచ్చారు, మే 1 లోగా ఎక్కడ డిపాజిట్ కట్టాలి? ఈ లెక్కల మధ్య అప్పుడప్పుడు ఇంకో ప్రశ్న కూడా వినిపిస్తుంది. "అది క్రిస్టియన్ కాలేజీ అటండీ, పంపమంటారా?"

ఈ ప్రశ్న అడిగేవారు రెండు రకాలు. మొదటివారు క్రైస్తవ కుటుంబాలవారు. ఇంట్లో ప్రార్థన, ఆదివారం తెలుగు ఆరాధన మధ్య పెరిగిన బిడ్డ అలాంటి చోటికి వెళితే విశ్వాసంలో స్థిరపడుతుందని వారి ఆశ. రెండోవారు హిందూ కుటుంబాలవారు. చదువు బాగుంటుంది, క్యాంపస్ బాగుంటుంది, కానీ పిల్లవాడు మన పూజలూ పద్ధతులూ మరిచిపోతాడేమోనని వారి బెంగ. ఆశకైనా బెంగకైనా అక్కడ నిజంగా ఏం జరుగుతుందో తెలిస్తేనే సమాధానం దొరుకుతుంది. ఈసారి ఆ సంగతే చెప్పుకుందాం.

పేరు ఒకటే, పద్ధతులు వేరు

అమెరికాలో పాత విశ్వవిద్యాలయాలు చాలావరకు చర్చి నీడలో పుట్టినవే. 1636లో హార్వర్డ్, 1701లో యేల్, 1746లో ప్రిన్స్‌టన్ మొదలైనప్పుడు చర్చి సేవకులను తయారుచేయడం వాటి ముఖ్యోద్దేశాల్లో ఒకటి. కాలక్రమాన అవి ఆ బాట విడిచిపెట్టాయి. విడిచిపెట్టనివాటిలో కూడా అన్నీ ఒక్కలా ఉండవు.

ఇల్లినాయ్‌లో 1860లో మొదలైన వీటన్ కాలేజీనే తీసుకోండి. అక్కడ చాపెల్‌కి హాజరు కావడం తప్పనిసరి. అధ్యాపకులు ఏటేటా కళాశాల విశ్వాస ప్రమాణానికి తమ అంగీకారం తెలపాలి. విద్యార్థులూ ఒక నియమావళికి కట్టుబడాలి. మిషిగన్‌లో 1876 నుంచి ఉన్న కాల్విన్ విశ్వవిద్యాలయంలో చాపెల్ ఉంది కానీ నిర్బంధం లేదు, ఇష్టమున్నవారే వెళతారు. టెక్సాస్‌లోని బేలర్ 1845లో బాప్టిస్టులు స్థాపించినది. అక్కడ అన్ని మతాల పిల్లలూ చదువుతారు, కానీ క్రైస్తవ గ్రంథాల మీద ఒకటి, క్రైస్తవ వారసత్వం మీద ఒకటి కోర్సు తీసుకోవాలి, చాపెల్‌కీ కొంతకాలం వెళ్ళాలి. 1789లో జెస్యూట్ ఫాదరీలు ప్రారంభించిన జార్జ్‌టౌన్ మరో దారిలో వెళ్ళింది. 2016లో అక్కడ హిందూ విద్యార్థుల కోసం పూర్తికాలపు హిందూ పురోహితుణ్ణి నియమించారు. కాబట్టి "క్రిస్టియన్ కాలేజీ" అన్న పేరు చూసి మురిసిపోనూ వద్దు, జడుసుకోనూ వద్దు.

అప్పు తెచ్చుకున్న విశ్వాసం, సొంత విశ్వాసం

జేమ్స్ ఫౌలర్ అనే పండితుడు 1981లో విశ్వాసపు దశల గురించి ఒక పుస్తకం రాశారు. టీనేజీ పిల్లలు సాధారణంగా తమ చుట్టూ ఉన్నవారి విశ్వాసాన్నే తమదిగా భావిస్తారని, ఆ తర్వాత కొందరు దాన్ని బయటికి తీసి పరీక్షించి, తమకు తాముగా ఎంచుకునే దశకు చేరతారని ఆయన చెప్పారు. మన భాషలో చెప్పాలంటే, అంతవరకూ అమ్మానాన్నల దగ్గర అప్పు తెచ్చుకున్నది ఇప్పుడు సొంత సంపాదన కావాలి. అందరూ ఆ దశకు చేరరు. చేరేవారికి చాలామందికి ఆ వయసు కాలేజీ వయసే.

మంచి క్రైస్తవ కళాశాల ఇక్కడ మూడు విధాల సాయపడుతుంది. మొదటిది అలవాటు. రోజూ ఒక వేళకి పదిమందితో కూర్చుని మౌనంగా ఉండడం, పాడడం, వినడం. ఇంట్లో అమ్మ లేపితే లేచిన ప్రార్థనకి అక్కడ తానే లేవాలి. రెండోది గురువులు. రసాయనశాస్త్రం చెప్పే ప్రొఫెసరే తన విశ్వాసం గురించీ, తన సందేహాల గురించీ దాపరికం లేకుండా మాట్లాడితే, చదువూ భక్తీ వేర్వేరు గదుల్లో పెట్టుకోనవసరం లేదని పిల్లలకు అర్థమవుతుంది. మూడోది ప్రశ్న. బైబిల్ కోర్సులో సువార్తలు ఎప్పుడు, ఎవరికోసం రాశారో చరిత్రగా చదువుతారు. పేరున్న క్రైస్తవ కళాశాలల్లో చాలాచోట్ల జీవశాస్త్ర విభాగాలు పరిణామ సిద్ధాంతాన్నీ బోధిస్తాయి. ఆదివారం బడిలో నేర్చుకున్నది ఒక్కసారిగా కదిలినట్టు అనిపిస్తుంది. అలా కదిలినప్పుడు పక్కన గురువు, స్నేహితులు ఉండడమే ఇక్కడి ప్రత్యేకత.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2004లో కాలేజీలో చేరిన విద్యార్థులను 2007లో మళ్ళీ పలకరించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 2011లో పుస్తకంగా వచ్చాయి. కాలేజీ రోజుల్లో మతపరమైన కార్యక్రమాలకు వెళ్ళడం కొంత తగ్గినా, జీవితానికి అర్థం వెతుక్కోవడం, ఇతరుల పట్ల కరుణ వంటి గుణాలు పెరిగాయని వారు తేల్చారు. ధ్యానం, ఆత్మపరిశీలన, సేవాకార్యక్రమాలు ఆ ఎదుగుదలకు తోడ్పడతాయని కూడా చెప్పారు. చర్చికో గుడికో వెళ్ళడం తగ్గిందని మనం ఇక్కడ దిగులుపడుతున్నప్పుడు, లోపల ఏదో పెరుగుతూ ఉండవచ్చన్నమాట.

మనకు కొత్త కాదు

క్రైస్తవ కళాశాల మన పెద్దలకు కొత్త కాదు. బందరు నోబుల్ కళాశాల మూలం 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన పాఠశాల. గుంటూరు ఏ.సి. కాలేజీ 1885 నాటిది. మన తాతముత్తాతల్లో ఎందరో హిందువులు ఇలాంటిచోట్ల చదివి హిందువులుగానే బయటికి వచ్చారు. కొందరైతే వెళ్ళినప్పటికన్నా గట్టి హిందువులై వచ్చారు.

అందుకు పెద్ద ఉదాహరణ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలోను, వేలూరు వూర్హీస్ కళాశాలలోను, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోను చదువుకున్నారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శ ఆయన్ని నొప్పించింది. దానికి సమాధానం వెతకాలంటే ముందు తన మతం తాను చదవాలి కదా! 1908లో ఎం.ఏ. కోసం వేదాంత నీతి మీదే సిద్ధాంత వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? ఆయనకు పాఠం చెప్పిన క్రైస్తవ ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ హాగ్ గారే. శిష్యుడు తనతో విభేదించినా, నిజాయితీగా వాదించాడని గురువు సంతోషించడం గొప్ప విషయం.

రఘుపతి వెంకటరత్నం నాయుడు గారిది ఇంకో కథ. 1862లో బందరులో పుట్టిన ఆయన కూడా మద్రాసు క్రిస్టియన్ కళాశాల విద్యార్థే. విలియం మిల్లర్ గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజులవి. ఆ చదువు ఆయన్ని క్రైస్తవుణ్ణి చేయలేదు. బ్రహ్మసమాజం వైపు, అంటరానితనం మీద పోరాటం వైపు, అనాథల సేవ వైపు నడిపించింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఆయన దగ్గర చదువుకున్న తరం ఆయన్ని గుర్తుంచుకున్నది పాఠాల కన్నా ఎక్కువగా నడవడి వల్లనే.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

ఇంతమాత్రాన అన్నీ బాగుంటాయని కాదు. హాజరు వేసుకుంటారని చాపెల్‌కి వెళ్ళి ఫోన్ చూసుకునే పిల్లలు ఉంటారు. అందరూ ఒకే మాట అనే చోట సందేహం పైకి చెప్పలేక లోలోపల నలిగిపోయేవారూ ఉంటారు. పైకి భక్తి కనబడుతూ లోపల ఖాళీ అయిపోవడం సందేహించడం కన్నా పెద్ద ప్రమాదం. కాబట్టి క్యాంపస్ చూడడానికి వెళ్ళినప్పుడు హాస్టలు గది, జిమ్ములతో ఆగకండి. చాపెల్ నిర్బంధమా అని అడగండి. వేరే మతం పిల్లలు ఎందరున్నారు, వారు తమ పండుగ చేసుకోవచ్చా అని అడగండి. "నాకు నమ్మకం కుదరడం లేదు" అని ఒక విద్యార్థి చెబితే ఏం చేస్తారో అక్కడి పిల్లలనే అడగండి. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబుతో కళాశాల స్వభావం చాలావరకు తెలిసిపోతుంది.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకో మాట. మీ విశ్వాసం తెలుగులో ఉంది, మీ పిల్లలది ఇంగ్లీషులో పెరుగుతోంది. థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి వచ్చిన అమ్మాయి కొత్త మాటలు మాట్లాడితే చెడిపోయిందనుకోకండి. ఆమె చదివిన కీర్తననే మీ తెలుగు బైబిల్‌లో తీసి ఇద్దరూ పక్కపక్కన చదవండి. పురుషోత్తమ చౌదరి గారు పంతొమ్మిదో శతాబ్దంలో మన రాగాల్లో కట్టిన క్రైస్తవ కీర్తనలను అర్థం చెప్పి పాడించండి. కాలేజీలో నేర్చుకున్న వేదశాస్త్రం అమ్మమ్మ పాడిన పాటలో కూడా ఉందని తెలిస్తే ఆ బిడ్డకి రెండూ తనవే అవుతాయి.

హిందూ కుటుంబాలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. "మీరు ఎందుకు పూజ చేస్తారు?" అని రూమ్మేట్ అడిగితే మీవాడు ఏం చెబుతాడు? "ఇంట్లో చేస్తారు కాబట్టి" అన్నది సరిపోదు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మీకు ఫోన్ చేస్తే విసుక్కోకండి. గీత తీసి ఇద్దరూ కలిసి చదవండి. మీకు తెలియనిచోట తెలియదని చెప్పి, తెలిసినవారిని అడుగుదామనండి.

పిల్లలూ, చివరి మాట మీతో. అమ్మానాన్నలు ఇచ్చిన విశ్వాసాన్ని ప్రశ్నించడం వారిని అవమానించడం కాదు. కానీ ప్రశ్న వేసి ఊరుకోకండి, చదవండి, అడగండి, కొన్నాళ్ళు ఆచరించి చూడండి. మీకు దొరికిన జవాబు ఏదైనా ఇంటికి వచ్చి మాతో చెప్పండి. వినడానికి మేం సిద్ధంగా ఉంటాం.

వచ్చే సంచికలో: హైస్కూలు పిల్లలకు వేసవి సేవాకార్యక్రమాలు ఎలా ఎంచుకోవాలి?