వేలు గుచ్చే ముందు పెట్టె మీద ఒక మాట

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి, కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ

అయ్యా, మేం నోయిడాలో ఉంటాం. పిల్లాడికి తుమ్ములు ఆగకపోతే, ఇంట్లోనే వేలు గుచ్చి రక్తం పంపే అలర్జీ కిట్టు తెప్పించాం. రిపోర్టులో గుడ్డు, పాలు, గోధుమ, కందిపప్పు అన్నీ ఎర్రగీతలే! మూడు వారాలు వాడికి పప్పన్నం కూడా పెట్టలేదు.

చివరికి డాక్టరు గారు చూసి నవ్వారు. అది ఐజీజీ అనే యాంటీబాడీల పరీక్షట, తిన్నవాటినే చూపిస్తుందట. అలర్జీకి చూడాల్సింది ఐజీఈ అనే యాంటీబాడీలు, అదీ లక్షణాలతో కలిపి. చర్మపరీక్షలో తేలింది పుప్పొడి: ఢిల్లీ రిడ్జ్ అడవి నిండా ఉన్న విలాయతీ కీకర్. మన సర్కారు తుమ్మేనండీ!

రక్తపరీక్ష కిట్లు 2017 వైద్య పరికరాల నిబంధనల కింద మీ పరిధిలోవే. ఐజీజీయా, ఐజీఈయా అన్నది పెట్టె మీద పెద్దక్షరాల్లో వేయించండి. ఐజీజీ అయితే, ‘దీంతో అలర్జీ తేలదు’ అని కూడా.

ఇట్లు,
ఒక తండ్రి