సిటీ పోలీస్ జట్టూ, మన తెలుగూ

తెలుగులో హైదరాబాదు గురించి వచ్చిన కథలూ, కవితలూ, జ్ఞాపకాలూ తిరగేస్తే నాకు చాలావరకు రెండే నగరాలు కనబడతాయి. ఒకటి నవాబులూ, దేవిడీలూ, పోరాటాలూ ఉన్న నిజాము కాలపు నగరం. రెండోది అమీర్‌పేటలో బస్సు దిగి, హాస్టలు గది వెతుక్కుని, మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థల బోర్డులు చదువుకుంటూ తిరిగే మనబోటివాళ్ల నగరం. ఈ రెంటికీ నడుమ, 1948 తర్వాత ఓ పదిహేనేళ్లపాటు, ఇంకొక నగరం ఉండేది. బొంబాయిలోనూ, కలకత్తాలోనూ, ఢిల్లీలోనూ మైదానాల చుట్టూ కూర్చున్న జనానికి దాని పేరు బాగా తెలుసు. అది ఫుట్‌బాల్ నగరం.

(ఫుట్‌బాల్‌ను కాలిబంతి అనాలని కోరే మిత్రులు మనలో ఉన్నారు. వారిమీద నాకు గౌరవమే. కానీ ఈ ఆట ఆడినవాళ్లెవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు. కాబట్టి ఈసారికి మన్నించాలి.)

1950వ సంవత్సరం సంగతి చూడండి. ఆనాటి భారతదేశంలో పెద్ద పోటీలనదగినవి కొద్దిగా ఉండేవి. వాటిలో డ్యూరాండ్ 1888లో, రోవర్స్ కప్పు 1891లో బ్రిటిషు పటాలాల వినోదం కోసం పుట్టాయి. డ్యూరాండ్‌ను 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది. ఆపై యుద్ధం, యుద్ధం వెనకే దేశవిభజన. మళ్లీ ఆ పోటీ జరిగింది పదేళ్ల తర్వాత, 1950లో. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పును పట్టుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ ఏడే బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా గెలిచింది. అక్కడితో ఆగలేదు. 1951, 1952, 1953, 1954 సంవత్సరాల్లోనూ రోవర్స్ కప్పు హైదరాబాదుకే వచ్చింది. వరుసగా ఐదేళ్లు! డ్యూరాండ్ 1954లోనూ, 1957లోనూ మళ్లీ దక్కింది.

దీని విలువ తెలియాలంటే పక్కనే ఇంకొక లెక్క పెట్టుకోవాలి. 1949-50లోనూ, 1950-51లోనూ సంతోష్ ట్రోఫీ ఫైనల్లో హైదరాబాదు రాష్ట్ర జట్టు బెంగాల్ చేతిలో ఓడిపోయింది. రాష్ట్రంగా బెంగాల్‌ను నెగ్గలేనివాళ్లు పోలీసు జట్టుగా వెళ్లి బెంగాల్‌లోకెల్లా పేరున్న క్లబ్బును ఓడించారు. ఏడాది పొడుగునా ఒకేచోట, ఒకే గురువు దగ్గర సాధన చేసే జట్టుకూ, పోటీకి ముందు పోగుచేసిన జట్టుకూ ఉన్న తేడా ఇదేనని నా ఊహ.

ఆ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ పాఠాలు చెప్పాడు. ఉస్మానియాలో చదివే రోజుల్లో తానూ ఆడినవాడే. 1950లో సిటీ పోలీస్ శిక్షకుడై 1963లో చనిపోయేవరకూ ఆ బాధ్యత మోశాడు. ఆ మధ్యలోనే భారత జట్టుకూ శిక్షకుడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణమూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానమూ, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణమూ ఆయన కాలంలోవే. జకార్తా వెళ్లేనాటికే ఆయన జబ్బుమనిషి. తిరిగొచ్చిన మరుసటి జూన్‌లో కేన్సర్‌తో పోయాడు.

ఈ పతకాల చిట్టా కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన బోధన. రహీం కుర్రవాళ్లకు చిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు తీసుకుపోవడం నిషిద్ధం. అందిన బంతిని అందినట్టే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకొక పోటీలో ఆటగాడు తనకు వాటంలేని కాలితోనే తన్నాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితో, ఎడమవాటం వాడు కుడికాలితో. పొట్టివాళ్లకోసం ఎత్తు పరిమితి పెట్టి వేరే పోటీలు నడిపేవాడు. వీటిలో ప్రతిదానికీ ఒక కారణముంది. మొదటిది, ఒంటరి విన్యాసాలకు చప్పట్లు కొట్టించుకునే అలవాటును మాన్పిస్తుంది. రెండోది, ఆటగాడిని మైదానంలో ఏ పక్కన నిలబెట్టినా పనికొచ్చేలా చేస్తుంది. మూడోది, ఒడ్డూ పొడుగూ లేని వీధి కుర్రాడికి కూడా తలుపు తెరుస్తుంది. ఛందస్సు నేర్చుకునే రోజుల్లో ఫలానా అక్షరం వాడకుండా పద్యం చెప్పమని గురువులు పెట్టే నిషిద్ధాక్షరి గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు. రెండిటిలోనూ ఉన్నది ఒకటే కిటుకు. ఉన్న దారుల్లో ఒకదాన్ని మూసేస్తే శిష్యుడు మిగతా దారులు వెతుక్కుంటాడు.

ఆ బడినుంచి వచ్చినవాళ్లు తక్కువవాళ్లు కారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952లోనూ 1956లోనూ ఒలింపిక్స్ ఆడారు. మెల్‌బోర్న్ జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు గుప్పెడుమంది. వారిలో జుల్ఫికరుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్ ఉన్నారు. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి కలకత్తావాసి అయిపోయాడు. 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికాలో ఉన్న మన మిత్రులకు బేస్‌బాల్ మీద అక్కడివాళ్ల వెర్రి తెలిసే ఉంటుంది. రోజర్ కాన్ అనే విలేఖరి 1952, 1953 సీజన్లలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు వెంట తిరిగి పత్రికకు రాశాడు. ఇరవయ్యేళ్ల తర్వాత, 1972లో, ఆ ఆటగాళ్లను వాళ్ల వాళ్ల ఊళ్లలో వెతికి పట్టుకుని ‘ది బాయ్స్ ఆఫ్ సమ్మర్’ అనే పుస్తకం వేశాడు. గమనించండి, ఆ రెండేళ్లూ డాడ్జర్స్ ఆఖరి పోటీలో న్యూయార్కు యాంకీస్ చేతిలో ఓడినవాళ్లే. ఓడిన జట్టుకు పుస్తకం దక్కింది. సరిగ్గా ఆ రెండేళ్లలోనే ఇక్కడ గెలుస్తూ పోయిన జట్టుకు, నేను చదివిన తెలుగు నవలల్లో ఒక పేరా కూడా కనబడలేదు.

ఎందుకని? అది ఉర్దూవాళ్ల వ్యవహారం, మనది కాదు అనేది తేలిగ్గా వచ్చే జవాబు. ఆ జట్టులో ఎక్కువమంది ముస్లింలన్నది నిజం. అయితే ఆ నిజమే రాయడానికి బలమైన కారణం. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది. దాన్ని ‘పోలీసు చర్య’ అన్నారు. దాని వెనక జరిగిన హత్యాకాండలో చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. అది జరిగి ఎంతో కాలం గడవకముందే హైదరాబాదు ముస్లిం కుర్రవాళ్లు ఆ ఊరి పేరు ఛాతీమీద పెట్టుకుని ఢిల్లీ వెళ్లి, కొత్త గణతంత్రంలో జరిగిన మొదటి డ్యూరాండ్‌ను గెలిచి వచ్చారు. వాళ్లకా గెలుపు ఏమై ఉంటుంది? పాతబస్తీలో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుంది? ఒక నవలకు సరిపడే ప్రశ్నలివి.

రెండో జవాబు అంత తేలిక కాదు, దాన్ని కొట్టిపారెయ్యలేను. జట్టు పేరులోనే పోలీసు ఉంది. 1950లో నల్గొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. అది విరమించింది 1951 అక్టోబరులో. మన తెలంగాణ రచయితల్లో చాలామంది సానుభూతి పోరాటంవైపు ఉంది. కొందరు స్వయంగా జైళ్లు చూసినవారు. తమ ఊళ్లమీద పడుతున్న ఖాకీ బట్టలే మైదానంలో చొక్కా మార్చుకుని ఆడుతుంటే చప్పట్లు కొట్టమని వారిని ఏ ముఖంతో అడుగుతాం? ఆ మౌనం నాకు అర్థమవుతుంది. అర్థంకానిది తర్వాతి తరాల మౌనం. మనకు ఆ గాయాలు లేవు. బద్ధకం తప్ప మరో సాకూ లేదు.

పంజగుట్ట దాటగానే కొండమీదున్న ఇరమ్ మంజిల్ సంగతి చూడండి. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మేడ అది. పారశీకంలో ‘ఇరమ్’ అంటే స్వర్గతుల్యమైన తోట. మన నోట అది ఎర్రమంజిల్ అయింది. పేరు తెలుగులోకి వచ్చింది కనుకనే మనదైంది. 2019లో దాన్ని పడగొట్టి శాసనసభ కడతామని ప్రభుత్వం అన్నప్పుడు కోర్టుకు వెళ్లేవాళ్లు దొరికారు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. రహీం జట్టుకు అలాంటి తెలుగు పేరు పడలేదు. కనుక అది కూలిపోయినప్పుడు అడ్డంపడే తెలుగువాడూ లేకపోయాడు.

పేర్ల విషయం ఎటూ వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1956 నవంబరు 1తో హైదరాబాదు రాష్ట్రం లేకుండా పోయింది. అయినా 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలను గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. పటంలో లేని రాష్ట్రం రెండుసార్లు దేశ విజేత! తర్వాత పేరు మారింది. 1961లో డ్యూరాండ్ గెలిచినది ‘ఆంధ్రప్రదేశ్ పోలీస్’. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆపైన దిగుడే. రహీం తర్వాత ఆ స్థాయి గురువు రాలేదు. మంచి ఆటగాళ్లు బలరామ్‌లాగే కలకత్తా బాట పట్టారు. శాఖ ఇచ్చే ఉద్యోగం మీద ఆధారపడిన జట్టు ఆ శాఖకు ఆసక్తి ఉన్నన్నాళ్లే బతుకుతుంది. రోవర్స్ కప్పు కూడా ఈ శతాబ్దారంభంలోనే ఆగిపోయింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్బు వచ్చింది. గచ్చిబౌలిలో ఆడింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో దాన్ని ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు. బ్రూక్లిన్ డాడ్జర్స్ 1957 తర్వాత లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయినప్పుడు ఆ పేట చేసిన రోదన ఇప్పటికీ పుస్తకాల్లో వినబడుతుంది. మన ఊళ్లో ఎవరైనా గట్టిగా ఏడ్చారా? అమీర్‌పేట కాలిబాటల మీద బార్సెలోనా చొక్కాలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

2024లో రహీం మీద ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చింది. అజయ్ దేవ్‌గణ్ నటించాడు. సంతోషమే. కానీ అది భారత జట్టు కథ. సిటీ పోలీస్ సీజన్ల కథ ఇంకా అలాగే ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఐదో స్టేషను అసెంబ్లీ. అక్కడికి దగ్గర్లోనే ఫతే మైదాన్. 1967నుంచి లాల్ బహదూర్ స్టేడియం. 1950ల్లో ఈ ఊళ్లో ఆట చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి పెద్దాయన ఉంటే అడిగి రాసుకోండి. టిక్కెట్టు ఎంత, ఎక్కడ కూర్చునేవారు, నూర్ ఎలా ఆడేవాడు, ఆఫ్‌సైడును తెలుగులో ఏమనేవారు, ఓడిన సాయంత్రం ఇంటికి ఏ దారిన నడిచేవారు.