ఊటకు పైన ఉన్న కొండను వదిలేద్దాం

మారేడుమిల్లి అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి వాన, మంచు, జలతరంగిణి జలపాతం. ఇక్కడ నీళ్ల కరువేమిటని ఆశ్చర్యపోతారు. ఎండాకాలంలో ఒకసారి కొండమీది గూడేనికి రండి. తెల్లవారకముందే ఆడవాళ్లు చెలమ చుట్టూ చేరి ఉంటారు. ఒకామె గుంటలోకి దిగి, అడుగున ఊరిన నీటిని ఆనపకాయ బుర్రతో మెల్లగా తోడుతుంది. రెండు బుర్రలకే బురద లేస్తుంది. మళ్లీ తేరుకునేదాకా కూర్చోవాలి. బిందె నిండేసరికి పొద్దెక్కుతుంది. ఆమె వెనక ఇంకా నాలుగు బిందెలు.

వాన కురవక వచ్చిన కరువు కాదిది, కురిసింది కొండలో ఇంకక వచ్చింది. ఆకురాలి కుళ్లిన అడవినేల చినుకును ఆపి లోపలికి దించుతుంది. ఆ నీరు పగుళ్లుబారిన రాతిలో నెలల తరబడి నడిచి, కింద ఊటగా బయటపడుతుంది. పైన చెట్లు పోయి నేల గట్టిపడితే ఆ వాన అదే రోజు వాగుల్లో పడి గోదావరికి పోతుంది. కరెంటు, మోటారు లేకుండా ఊట నుంచి గూడేనికి నీళ్లు దించే పైపులు మంచివే. ఊటే ఎండితే కుళాయిలో గాలి తప్ప ఏమొస్తుంది? సిక్కింలో 2008 నుంచి ఊటలకు పైన కందకాలు తవ్వి, ఎండుతున్నవాటిని మళ్లీ నిలబెట్టుకుంటున్నారు. ఆ పని మన చేతుల్లోనూ ఉంది.

కొండరెడ్డి, కోయ పెద్దలారా, పోడు మీ తాతల నాటి బతుకు. మానమని చెప్పే హక్కు నాకు లేదు. ఊటకు పైన ఉన్న చెక్కను మాత్రం కొట్టకుండా వదలండి. అక్కడ వాలుకు అడ్డంగా కందకాలు తవ్వే పనిని ఉపాధి పనుల్లో పెట్టమని అడగండి. ఊరి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు 1996 నాటి పెసా చట్టమే ఇచ్చింది. తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఇవ్వండి.

బొంగు చికెన్ కోసం వచ్చే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీరు కారు కడిగే వాగులోనే కింద గూడెం పిల్లలు నీళ్లు ముంచుకుంటారు. పగిలిన సీసా పెంకులు వాళ్ల చెప్పుల్లేని కాళ్లలోనే దిగుతాయి. తెచ్చింది తిరిగి పట్టుకెళ్లండి. రిసార్టులు నడిపేవారు వాగులో మోటారు దించేముందు దిగువ ఊళ్లను అడగండి. మరుగుదొడ్డి గుంటను నీటికి దూరంగా తవ్వించండి.

చదువుకున్న పిల్లలకు ఇంకో పని. తొలకరికి ముందే మీ గూడెం ఊటలన్నీ తిరిగి చూడండి. ఒక్కోచోట బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. వానలు వెనకబట్టాక మళ్లీ రాయండి. ఆ పుస్తకం పట్టుకుని గ్రామసభకు రండి.