బరువు తగ్గే ఆపరేషన్ ఒకరికి... మారాల్సింది ఇంటి దస్తర్‌ఖాన్

హనుమాన్ జంక్షన్: విజయవాడ - ఏలూరు హైవేని నూజివీడు - గుడివాడ రోడ్డు దాటే చోటు ఇది. పొద్దున్నే టిఫిన్ బండ్లు, మధ్యాహ్నం నుంచి బిర్యానీ సెంటర్లు, రాత్రయితే లారీల దగ్గర టీ. తినడానికి ఏ వేళైనా ఏదో ఒకటి దొరుకుతుంది. నడుద్దామంటేనే చోటు వెతుక్కోవాలి, అందులోనూ ఆడవాళ్లు.

బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ ఒకప్పుడు పెద్ద నాయకుల వార్తల్లోనే కనిపించేది. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ చేయించుకున్నారు. ఇప్పుడు విజయవాడ ఆసుపత్రుల్లోనే చేస్తున్నారు. షుగర్, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి బాధలున్న మధ్యతరగతి కుటుంబాలు కూడా దీని గురించి ఆలోచిస్తున్నాయి. ఆపరేషన్ ఎలా జరుగుతుందో డాక్టర్ చెబుతారు. ఇంటికొచ్చాక ఏం జరుగుతుందన్న దాని మీదే మన ఇళ్లల్లో మాట తక్కువ.

సమస్య ఎంత పెద్దది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. మగవాళ్లలో ఇది 31.1 శాతం. దేశం మొత్తం మీద మహిళల సగటు 24 శాతమే. అంటే మన రాష్ట్రంలో ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరికి మించి ఈ లెక్కలోకి వస్తున్నారు. 2025 ఫిబ్రవరి మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ నూనె వాడకం 10 శాతం తగ్గించమని కోరారు. నూనె ఎంత పోయాలో తేలేది మాత్రం వంటింట్లో.

ఆపరేషన్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో 75 - 80 శాతం భాగం తీసేస్తారు. కొంచెం తినగానే కడుపు నిండుతుంది, ఆకలి పుట్టించే హార్మోన్ తగ్గుతుంది. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో బరువు బాగా దిగుతుంది. ఆ తర్వాత చాలామందికి కొంత తిరిగి వస్తుంది. ఎంత తిరిగొస్తుందన్నది తిండి, నడక, మందులు, చెకప్‌ల మీద చాలావరకు ఆధారపడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చిన్నదైన పొట్ట గట్టి అన్నాన్ని ఆపుతుంది కానీ షర్బత్, కూల్‌డ్రింక్, షీర్ ఖుర్మా లాంటివి సులువుగా జారిపోతాయి. "అన్నం తినడం లేదు కదా, ఇదైనా తాగనీ" అని ప్రేమతో ఇచ్చే గ్లాసే బరువును వెనక్కి తెస్తుంది. ఆ మనిషికి కావాల్సింది రోజుకి సుమారు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే. పక్కనే కొల్లేరు చేప ఉంది, పప్పు, పెరుగు ఉన్నాయి. కానీ పళ్లెంలో సగానికి పైగా తెల్లన్నమే వడ్డించే అలవాటున్న ఇంట్లో వాటికి చోటు తక్కువ.

దావత్‌లో కూర్చున్నప్పుడు

నికాహ్, వలీమా, అఖీఖా, చివరికి చావింటి భోజనం... మన సంబంధాలన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి. ఆపరేషన్ అయిన కోడలు వలీమాలో నాలుగు ముద్దలకే ఆపితే ఖాలా బాధపడుతుంది, ఫుప్పు "మా ఇంటి బిర్యానీ నచ్చలేదా?" అంటుంది. బలవంతంగా ఇంకో ముద్ద తింటే వాంతి. తినకపోతే మాట పడాలి. కలిసి ఒకే పళ్లెంలో తినే చోట ఎవరెంత తిన్నారో అందరికీ కనిపిస్తుంది.

అందుకే కొందరు ఆపరేషన్ సంగతే దాచిపెడతారు. నజర్ తగులుతుందని ఒక భయం. పెళ్లి కావాల్సిన అమ్మాయైతే సంబంధాలు చెడతాయని ఇంకో భయం. దాచిన చోట సాయం అడగలేరు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు ఎక్కువగా రాలడం మామూలే, చాలామందికి తర్వాత కుదురుకుంటుంది. ఆ విషయం తెలియని ఇంట్లో అది కూడా కంగారుకీ దెప్పిపొడుపుకీ కారణమవుతుంది.

ఆడవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. అందరికీ వడ్డించి చివర్లో మిగిలింది తినే ఇల్లాలికి వేళకి, కొంచెం కొంచెంగా, రోజుకి ఐదారుసార్లు తినడం ఎలా కుదురుతుంది? భర్త గల్ఫ్‌లో, పిల్లలు స్కూల్లో, అత్తగారికి వేరే వంట. తన కోసం విడిగా వండుకోవడమే తప్పుగా అనిపించే ఇళ్లున్నాయి.

భర్త, పిల్లలు, కొత్త మనిషి

స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో పెళ్లికానివాళ్లకి కొత్త సంబంధాలు ఎక్కువగా కుదిరాయి. అప్పటికే జంటగా ఉన్నవాళ్లలో విడిపోవడాలూ ఎక్కువే కనిపించాయి. అక్కడి సమాజం వేరు, లెక్క ఇక్కడికి నేరుగా సరిపోదు. కానీ మనిషి మారితే ఇంట్లో సమతూకం కూడా మారుతుందన్నది మనకూ వర్తిస్తుంది. బయటికి నడకకి వెళ్లే భార్య, ఫోటో దిగడానికి సిగ్గుపడని భార్య కొందరు భర్తలకి కొత్తగా ఉంటుంది. ముందే మాట్లాడుకున్న ఇల్లు దీన్ని తట్టుకుంటుంది.

మంచి కబురు కూడా ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ అయిన 35 మందితో పాటు వాళ్ల ఇంట్లోని 50 మందిని గమనించారు. కుటుంబాన్ని కూడా డైట్, వ్యాయామం కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టారు. ఏడాదిలో ఊబకాయం ఉన్న పెద్దవాళ్లు ఆపరేషన్ లేకుండానే సగటున మూడున్నర కిలోలు తగ్గారు. ఒకరి కోసం మారిన వంట ఇంటిల్లిపాదికీ పనికొచ్చింది.

పిల్లల కోసం తొందరపెట్టే పెద్దలు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం వద్దని డాక్టర్లు చెబుతారు. బరువు వేగంగా తగ్గే ఆ రోజుల్లో తల్లికీ బిడ్డకీ పోషణ చాలదు. "ఇంకా శుభవార్త లేదా?" అనే ప్రశ్న అప్పటిదాకా ఆగితే మేలు.

రంజాన్ వచ్చినప్పుడు

నీళ్లు కూడా ఒక్కసారిగా తాగలేని మనిషికి సహర్ నుంచి ఇఫ్తార్ దాకా ఉపవాసం ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం. మొదటి నెలల్లో రోజా వద్దనే డాక్టర్లు అంటారు, చాలామంది ఏడాది ఆగమంటారు. రోగికి రోజాలు తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు సూరా బఖరాలోనే ఉంది. ఆ వెసులుబాటు తీసుకున్న కోడల్ని, కొడుకుని ఇంట్లో వాళ్లే అనుమానంగా చూడటం సరికాదు. డాక్టర్ మాట, ఆలిమ్ మాట రెండూ ముందే అడిగి పెట్టుకుంటే నెల ప్రశాంతంగా గడుస్తుంది. తర్వాతి ఏళ్లలో రోజా ఉన్నా ఇఫ్తార్‌లో సమోసాలు, షర్బత్‌తో మొదలుపెట్టే అలవాటు మారాలి. కడుపులో మూడో వంతే తిండికి అన్న ప్రవక్త (స) బోధ అందరం చిన్నప్పటి నుంచి విన్నదే.

ఖర్చు ఒక్కసారితో అయిపోదు

ఆపరేషన్‌కి లక్షల్లో అవుతుంది. ఆరోగ్య బీమా కూడా అందరికీ వర్తించదు. ఐఆర్‌డీఏఐ 2019 ప్రామాణిక నిబంధన ప్రకారం వయసు 18 దాటాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 దాటితే అదుపు లేని షుగర్, గుండె జబ్బు లాంటి తీవ్ర సమస్య తోడై, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గని పరిస్థితి ఉండాలి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి బీఎంఐ 40 అంటే సుమారు 99 కిలోలు, 35 అంటే 87 కిలోలు. అప్పు చేసేముందు ఈ లెక్క చూసుకోవాలి.

అసలు బిల్లు తర్వాత మొదలవుతుంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి. రక్తపరీక్షలు, విజయవాడ చెకప్‌లు, బస్సు ఛార్జీ, తోడు వచ్చేవాళ్ల కూలి... "తగ్గింది కదా, ఇంకెందుకు మాత్రలు?" అని ఇంట్లో ఆపించేది ఇక్కడే. ఏళ్ల తర్వాత రక్తహీనత, నరాల బలహీనతగా బయటపడుతుంది.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. వాటితో ఆపరేషన్ తప్పుతుందని ఆశపడేవాళ్లున్నారు. కానీ వెగోవీ మందు ఆపేసినవాళ్లు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి పెరిగినట్టు పరిశోధనల్లోనే తేలింది. సూది అయినా, ఆపరేషన్ అయినా ఇంటి అలవాటు మారకపోతే ఫలితం నిలవదు.

ఇంటివాళ్లు చేయగలిగింది

ఆపరేషన్‌కి ముందు డైటీషియన్ దగ్గరికి రోగితో పాటు వండే మనిషి కూడా వెళ్లాలి. మొదటి ఆరు నెలలు దావత్‌లకి ఇంట్లోంచి ఒకరు తోడుగా వెళ్లి "డాక్టర్ వద్దన్నారు" అని ఆ మాట తామే చెప్పాలి. ఫజ్ర్ నమాజ్ అయ్యాక అరగంట అత్తా కోడళ్లు కలిసి నడిస్తే ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. పిల్లల ముందు లావు మీద జోకులు ఆపాలి. మనసు కుంగినట్టు కనిపిస్తే దాచకుండా డాక్టర్‌కి చెప్పాలి.

జంక్షన్‌లో బిర్యానీ సెంటర్లు ఎటూ పోవు. వలీమాలూ ఆగవు. పక్కన కూర్చున్నవాళ్లు "ఇంకో ముద్ద" అనకుండా ఉంటే, ఆపరేషన్ అయిన మనిషి దస్తర్‌ఖాన్ దగ్గర అందరితో పాటు తలెత్తుకుని కూర్చోగలదు.