మాస్టరు డిస్కు పూర్తిగా విన్నాకే కాపీలు వేయించాలి

హరిశ్చంద్ర కాటిసీను, రాయబారం పద్యాలు, బుర్రకథలు, ఒగ్గు కథలు ఒకప్పుడు టేపు రికార్డర్లలో పట్టుకున్నవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ కాసెట్లు నేడు బీరువాల అడుగున బూజు పడుతున్నాయి. ఆ గొంతుల్లో చాలా వరకు మళ్లీ వినబడవు. వీటిని సి.డి.లుగా వేయించి జాతరలో పంచాలని యువజన సంఘాలు, ఉత్సవ కమిటీలు తలపెట్టడం మెచ్చుకోదగిన విషయమే.

అయితే కాపీల మీద ఉన్న ధ్యాస మాస్టరు డిస్కు మీద లేకపోతే పడిన శ్రమంతా వృథా. నారు పుచ్చితే పైరు బాగుపడదు. మాస్టరులో ఒక పద్యం తెగితే 500 కాపీల్లోనూ అదే చోట తెగుతుంది.

మొదటి చిక్కు నిడివితోనే వస్తుంది. మామూలు ఆడియో సి.డి.లో పట్టేది 80 నిమిషాలే. 90 నిమిషాల కాసెట్టును అందులో ఇరికిస్తే చివరి పద్యాలు పోతాయి. ఖర్చయినా రెండు డిస్కులు చేయించాలి.

టేపును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు శబ్దం ఎర్ర గీత దాటరాదు. దాటితే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. దాన్ని తర్వాత పూర్తిగా బాగుచేయడం ఎవరి తరమూ కాదు. ఎంపీ3గా కుదించిన పాటను మాస్టరుకు వాడరాదు. కుదింపులో పోయిన ధ్వని తిరిగి రాదు. టేపు గరగర తీసేయించే ముందు ఉన్నది ఉన్నట్టుగా ఒక ప్రతి దాచుకోవాలి.

మాస్టరును ఆగి ఆగి గాక ఒకే దఫాలో రాయించాలి. 'డిస్క్ ఎట్ వన్స్' అంటే దుకాణంవారికి తెలుస్తుంది. దానిపై కాగితం లేబులు అంటించరాదు, బాల్ పెన్నుతో రాయరాదు.

వెయ్యి, అంతకు పైన కాపీలు కావాలంటే సాధారణంగా ఫ్యాక్టరీకి పంపుతారు. అక్కడ పూత పూసిన గాజు పలకపై లేజరుతో గుర్తులు చెక్కి, దాని నుండి నికెల్ అచ్చు తీసి, ఆ అచ్చుతో ప్లాస్టిక్ డిస్కులు వేస్తారు. అచ్చు తయారయ్యాక తప్పు బయటపడితే దిద్దడం కుదరదు. మళ్లీ మొదటి నుండి చేయాలి. ఆ ఖర్చు కమిటీ నెత్తినే పడుతుంది.

అందుచేత ప్రతి ఊరూ ఒక కట్టుబాటు చేసుకోవాలి. నాటకం తెలిసిన పెద్దలను, హార్మోనిస్టును కూర్చోబెట్టి, మామూలు ప్లేయరులో మాస్టరును ప్రార్థన నుండి మంగళం దాకా వినిపించాలి. రెండు పద్యాలు విని బాగుందనడం చాలదు. వారు సరే అన్నాకే కాపీలకు అనుమతి ఇవ్వాలి. పాడినవారి, వాయించినవారి పేర్లు తప్పులు లేకుండా రాసి ఇవ్వాలి. వారి అంగీకారం, వారు లేకపోతే వారి కుటుంబాల అంగీకారం తీసుకోవడం న్యాయం.

మాస్టర్లు రెండు చేయించి, ఒకటి దుకాణానికిచ్చి రెండవది ఊరి గ్రంథాలయంలో ఉంచాలి. ఇలా రాసిన డిస్కు ఎండకు, వేడికి చెడిపోతుంది కనుక హార్డు డిస్కులోనూ ఒక ప్రతి ఉండాలి. పని అయిందని పాత కాసెట్లు పారవేయరాదు.

ఇంత చేసినా అదనంగా అయ్యేది ఒక పూట కాలక్షేపం, ఒక డిస్కు ఖరీదు. టేపులు ఏటికేడాది పాడవుతున్నాయి. వచ్చే జాతరకు ముందే పంచాయతీలు, యువజన సంఘాలు ఈ పనికి పూనుకోవాలి. పూనుకున్నవారు ముందు వినాలి, తర్వాతే వేయించాలి.