కెమికల్ ఎంటెక్ ప్రవేశానికి భద్రత పరిజ్ఞానం తప్పనిసరి చేయాలి

కెమికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయదలచిన విద్యార్థులు గేట్ ప్రవేశ పరీక్షలో 3 గంటల్లో 65 ప్రశ్నలు ఎదుర్కొంటారు. 100 మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌కు, 13 ఇంజనీరింగ్ గణితానికి పోగా మిగిలిన 72 సబ్జెక్టువి. ఆ 72 మార్కుల సిలబస్‌ను మొదటినుంచి చివరిదాకా చదివితే ప్రాసెస్ లెక్కలు, థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్షన్ ఇంజనీరింగ్, ప్రాసెస్ కంట్రోల్, ప్లాంట్ డిజైన్, కెమికల్ టెక్నాలజీ వరసగా కనిపిస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీ ఉంది, యూరియా ఉంది, కాగితం, చక్కెర, నూనెలు కూడా ఉన్నాయి. రియాక్టర్ అదుపు తప్పితే ఏమవుతుంది, సాల్వెంట్ ఆవిరి గాలిలో ఎంత శాతం చేరితే అంటుకుంటుంది, ఒత్తిడి పెరిగిన పాత్రను ఎంత త్వరగా ఖాళీ చేయాలి అని అడిగే విభాగం మాత్రం లేదు. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేయాల్సిన వృత్తిలో ఉన్నత చదువుకు అర్హతను నిర్ణయించే పరీక్ష ఇది. ప్రాసెస్ సేఫ్టీని ఇందులో విడి విభాగంగా చేర్చాలి. తెలుగు రాష్ట్రాల ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌లోనూ దానికి నిర్దిష్టమైన మార్కులు కేటాయించాలి. బీటెక్‌లో ఆ సబ్జెక్టు చదవని వారికి షరతుతోనే ప్రవేశం ఇవ్వాలి.

ఇది గాలిలో పుట్టిన ఆలోచన కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రలో ఉన్న జనం మీదికి పాకింది. 12 మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ నిల్వలో ఉండగానే తనంతట తాను పాలిమర్‌గా మారగలదు. మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మార్పు ఇంకా వేగం అందుకుంటుంది. అందుకే ఆ మార్పును అడ్డుకునే ఇన్‌హిబిటర్ కలుపుతారు, ట్యాంకును చల్లగా ఉంచుతారు, ద్రవాన్ని అడుగు నుంచి పైదాకా కలియబెడతారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఈ జాగ్రత్తలన్నీ ఒకదాని వెంట ఒకటి విఫలమైన తీరును బయటపెట్టింది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచారు, పై పొరల్లో ఎంత వేడి పేరుకుందో చెప్పే పరికరమే లేదు. నాలుగేళ్లకు, 2024 ఆగస్టు 21న, అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఔషధ పరిశ్రమలో ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. మందుబిళ్లల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడిని తయారుచేసే ప్లాంటు అది. మండే స్వభావమున్న సన్నని పొడి గాలిలోకి లేచి నిప్పురవ్వ తగిలితే ఎంత విధ్వంసం జరుగుతుందో ప్రాసెస్ సేఫ్టీ పాఠ్యపుస్తకాలు ఒక అధ్యాయమంతా చెబుతాయి. అదుపు తప్పే రనవే రియాక్షన్, సాల్వెంట్ ఆవిరి, మండే పొడి: ఈ మూడూ కెమికల్ ఇంజనీరుకు తెలిసి తీరాల్సిన విషయాలు. మూడూ ప్రవేశ పరీక్ష సిలబస్ బయటే ఉండిపోయాయి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనదాన్ని ముందు తీసుకోవాలి. ఈ మరణాలకు కారణం ఇంజనీర్ల అజ్ఞానం కాదు, యాజమాన్యాల లాభాపేక్ష, తనిఖీ శాఖల ఉదాసీనత, శిక్షణ లేని కాంట్రాక్టు కూలీల చేత రియాక్టర్ల దగ్గర పని చేయించడం అంటారు. ఇందులో అసత్యం లేదు. ఎల్‌జీ పాలిమర్స్ విషయంలో కమిటీ కూడా ప్రధానంగా యాజమాన్యాన్నే తప్పుపట్టింది. నేరానికి శిక్ష పడాలి, ఫ్యాక్టరీల శాఖకు సరిపడా ఇన్‌స్పెక్టర్లు ఉండాలి, ఈ సంపాదకీయం వాటిలో దేన్నీ పక్కన పెట్టమనడం లేదు. అయితే ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ అవసరమని యాజమాన్యానికి ఎవరు చెప్పాలి? కూలింగ్ ఆగితే ఎన్ని గంటల్లో పరిస్థితి చేయి దాటిపోతుందో లెక్కగట్టి కాగితం మీద పెట్టాల్సింది ఎవరు? ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఆయన అడగాల్సిన ప్రశ్న ఏ చదువు నుంచి రావాలి? ఖర్చు తగ్గించమని పై అధికారి ఒత్తిడి చేస్తే కాదనడానికి ధైర్యంతో పాటు అంకెలు కావాలి. ఆ అంకెలు వేయడం నేర్వని ఇంజనీరు ఎంత మంచివాడైనా ఆ సమావేశంలో మౌనంగా కూర్చోవాల్సిందే. పైగా ఎంటెక్ పట్టభద్రులంతా ప్లాంటుకు వెళ్లరు, వారిలో చాలామంది పాఠాలు చెబుతారు. సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఎంటెక్ ఉండాలి. అంటే ఈ రోజు ఎంటెక్‌లో చేరినవారు రేపు వందలాది బీటెక్ విద్యార్థులకు గురువులు. గురువుకు రాని పాఠం ఆ తరగతి గదుల నుంచి పరవాడ, నక్కపల్లి, పటాన్‌చెరు, జీడిమెట్ల పారిశ్రామికవాడల దాకా చేరనే చేరదు. ఎంటెక్ ప్రవేశాన్ని ఇంత పట్టుదలగా ఎంచుకోవడానికి కారణం ఇదే. ఇక్కడ చేసిన ఒక్క మార్పు కింది చదువంతటినీ కదిలిస్తుంది.

సబ్జెక్టును కోర్సులో చేర్చితే చాలదా, ప్రవేశ పరీక్షదాకా ఎందుకు అని అడగవచ్చు. కోర్సులో పేరుకు ఇప్పటికే ఉంది. కొన్ని కళాశాలలు సేఫ్టీని తప్పనిసరిగా బోధిస్తున్నాయి, కొన్ని ఎలెక్టివ్‌గా వదిలేశాయి. ఎలెక్టివ్ అన్నప్పుడు పిల్లలు తేలిగ్గా మార్కులు వచ్చేదాన్నో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పనికొచ్చేదాన్నో ఎంచుకుంటారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. బీటెక్ మూడో ఏడాదిలోనే గేట్ రాసే వీలుంది కాబట్టి, రెండో ఏడాది ముగిసేసరికి చదువు దిశ గేట్ సిలబస్ చేతిలోకి వెళ్లిపోతుంది. కోచింగ్ సెంటర్లు దాన్ని బట్టే పుస్తకాలు వేస్తాయి, అధ్యాపకులు దాన్ని బట్టే ముఖ్యమైన పాఠాలు గుర్తుపెడతారు. గేట్ స్కోరుతో నేరుగా ఇంజనీర్లను తీసుకునే ప్రభుత్వరంగ సంస్థలు కూడా ఉన్నాయి. వాటిలోకి వెళ్లేవారు ఎంటెక్ చదవకపోయినా ఈ సిలబస్‌నే మథించి వెళ్తారు. అందువల్ల పరీక్షలో లేనిది చదువులోనూ ఉండదు. ఇది మన విద్యావ్యవస్థ లోపమే, కాదనలేం. కానీ లోపం పోయేదాకా ఆగి కూర్చోవడం కన్నా, ఆ వ్యవస్థ దేనికి కదులుతుందో దాన్నే మంచికి వాడుకోవడం వివేకం.

అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2007 డిసెంబర్ 19న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న పరిశ్రమలో రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. పెట్రోలుకు కలిపే ఒక మాంగనీస్ సమ్మేళనాన్ని తయారుచేస్తుండగా కూలింగ్ విఫలమై రియాక్షన్ చేయి దాటింది. దాని యజమానులు వ్యాపారం మాత్రమే తెలిసినవారు కారు. ఒకరు కెమిస్ట్, మరొకరు కెమికల్ ఇంజనీరు. తాము నడుపుతున్న రియాక్షన్‌లో రనవే ప్రమాదం దాగి ఉందని ఆ సంస్థ గుర్తించలేదని ఫెడరల్ దర్యాప్తు సంస్థ కెమికల్ సేఫ్టీ బోర్డు తేల్చింది. బోర్డు అంతటితో ఆగి ఉంటే అది మరో దర్యాప్తు నివేదికగా మిగిలేది. అది విశ్వవిద్యాలయాల వైపు తిరిగింది. రియాక్టివ్ ప్రమాదాల అవగాహనను కెమికల్ ఇంజనీరింగ్ చదువులో భాగం చేయాలని అక్కడి కెమికల్ ఇంజనీర్ల సంఘానికి, కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్‌కు సిఫారసు చేసింది. ఆ తర్వాత రసాయన ప్రక్రియల్లోని ప్రమాదాలను బోధించడం అబెట్ ప్రమాణాల్లో చేరింది. నాలుగు మరణాల తర్వాత అక్కడ చదువును తిరగరాశారు. వెంకటాపురం, అచ్యుతాపురం, పాశమైలారం మరణాలను కలిపి చూస్తే సంఖ్య ఎన్ని రెట్లో పాఠకులకు తెలుసు. భోపాల్ విషవాయు దుర్ఘటనకు నాలుగు దశాబ్దాలు దాటాయి. మన ప్రవేశ పరీక్ష సిలబస్‌లో ఆ విభాగం ఇప్పటికీ రాలేదు.

భద్రతను పరీక్షలో పెడితే అది ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ నంబర్ల బట్టీగా మారుతుందన్నది మరో అభ్యంతరం. అలా మార్చే ప్రశ్నపత్రం తయారైతే ఆ భయం నిజమే. అయితే ప్రాసెస్ సేఫ్టీ ప్రధానంగా లెక్కల శాస్త్రం. ఒక బ్యాచ్ రియాక్టర్‌లోని మిశ్రమం కిలోకు 300 కిలోజౌళ్ల వేడి విడుదల చేస్తుందనుకుందాం, దాని విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి 2 కిలోజౌళ్లు. 80 డిగ్రీల దగ్గర, రియాక్షన్ మొదలవుతుండగానే కూలింగ్ ఆగిపోతే వేడి బయటకు పోయే దారి లేక ఉష్ణోగ్రత 150 డిగ్రీలు పెరిగి 230కి చేరాలి. అందులో సాల్వెంట్ టోలుయీన్ అయితే అది 111 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇక ఆవిరి ఎంత పుడుతుంది, రిలీఫ్ వాల్వ్‌కు ఎంత వెడల్పు ఉండాలి అన్నది తర్వాతి మెట్టు. థర్మోడైనమిక్స్, రియాక్షన్ ఇంజనీరింగ్ రెండూ అర్థమైనవారే ఈ ప్రశ్న ఛేదించగలరు. అంకెను నేరుగా టైప్ చేయాల్సిన ప్రశ్నలు గేట్‌లో ఇప్పటికే ఉన్నాయి కనుక ఊహించి జవాబు గుర్తించే అవకాశమూ తక్కువే. మన ఔషధ పరిశ్రమల్లో నిత్యం ఎదురయ్యే స్కేలప్ సమస్య మరింత చక్కని ఉదాహరణ. ప్రయోగశాల పాత్రను అదే ఆకారంలో ప్రతి వైపూ పది రెట్లు పెంచితే లోపల పట్టే సరుకు, అది పుట్టించే వేడి వెయ్యి రెట్లు అవుతాయి, వేడిని లాగేసే జాకెట్ ఉపరితలం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. గాజు ఫ్లాస్కులో నిశ్చింతగా సాగిన రియాక్షన్ కిలోలీటర్ల రియాక్టర్‌లో ఎందుకు మొండికేస్తుందో ఈ ఒక్క వాక్యంలో ఉంది. దీన్ని అడగలేని పరీక్ష కెమికల్ ఇంజనీరింగ్ పరీక్ష ఎలా అవుతుంది?

సిలబస్ ఇప్పటికే బరువుగా ఉందన్న మాటకు బదులు చిన్నదే. కెమికల్ టెక్నాలజీ విభాగంలో జ్ఞాపకశక్తిని మాత్రమే పరీక్షించే భాగాన్ని కొంత తగ్గిస్తే ఆరేడు మార్కుల చోటు దొరుకుతుంది. సిలబస్ శిలాశాసనం కూడా కాదు. గేట్ 2021లో ఒకటికి మించి సరైన జవాబులున్న ప్రశ్నలను తెచ్చింది, 2024లో డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపరును కొత్తగా పెట్టింది. కాలానికి తగ్గట్టు మారగలిగిన పరీక్ష ప్రాణాలకు తగ్గట్టు ఎందుకు మారకూడదు?

సీట్లే నిండని చోట కొత్త షరతులు పెడితే ఉన్నవారూ రారన్న ఆందోళన ప్రైవేటు కళాశాలల నుంచి వస్తుంది. ఆందోళన నిజమైనదే, కారణం వేరే ఉంది. గేట్ అర్హత ఉన్నవారికి ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. పీజీఈసెట్‌తో చేరినవారికి అది రాదు. అదే తరగతి గది, అదే ప్రాజెక్టు, ఒకరికి నెలనెలా సాయం, పక్కవారికి ఫీజు భారం. పేద కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి బీటెక్ అవగానే ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోవడంలో వింత లేదు. పీజీఈసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని కెమికల్ ఎంటెక్‌లో చేరినవారికి రాష్ట్ర ప్రభుత్వాలు స్టైపెండ్ ఇస్తే, దానికి ఫార్మా, రసాయన పరిశ్రమల నుంచి నిధి సమకూరిస్తే, సీట్లు నిండుతాయి. ప్రమాణాన్ని దించి సీట్లు నింపాలనుకోవడం మాత్రం ఈ రంగంలో క్షమించరాని పొదుపు. పీజీఈసెట్‌లో 120 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు, అర్హతకు 25 శాతం చాలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కులూ అక్కర్లేదు. ఆ వెసులుబాటు అలాగే ఉండాలి, అవకాశాలు అందని వర్గాలకు తలుపు తెరిచే ఉండాలి. అందుకే పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని ఎవరినీ బయట నిలబెట్టమనడం లేదు. లోపలికి వచ్చినవారు మొదటి సెమిస్టర్‌లో ప్రాసెస్ సేఫ్టీ కోర్సు పూర్తిచేసి, అందులో ఉత్తీర్ణులైతేనే రెండో ఏడాది ప్రాజెక్టుకు అనుమతించాలన్నదే షరతు. బీటెక్‌లో ఆ కోర్సు చదివినట్టు మార్కుల జాబితా చూపగలవారికి మినహాయింపు ఉండాలి. ఔషధ పరిశ్రమల్లో షిఫ్టులు నడిపే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టభద్రులకు కూడా ఈ ఒక్క కోర్సును విడిగా చదివే వీలు కల్పిస్తే, రియాక్టర్ పక్కనే నిలబడి పనిచేసేవారికి అందరికన్నా ముందు మేలు జరుగుతుంది.

గేట్ సిలబస్ మార్పు ఐఐఎస్‌సీ, ఐఐటీల చేతిలో ఉంది. ముందుగా ప్రకటించి ఒకటి రెండేళ్ల వ్యవధి ఇవ్వడం విద్యార్థుల పట్ల న్యాయం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండళ్లు అప్పటిదాకా ఎదురుచూడాల్సిన పనిలేదు. పీజీఈసెట్ వాటి సొంత పరీక్ష. కెమికల్ పేపరులో 120 ప్రశ్నలకు కనీసం 10 ప్రాసెస్ సేఫ్టీ నుంచి వస్తాయని వచ్చే నోటిఫికేషన్‌లోనే ప్రకటించవచ్చు. ప్రశ్నలు రాయడానికి నిపుణుల కొరత లేదు. హైదరాబాద్‌లో ఐఐసీటీ ఉంది, ఐఐటీ ఉంది, ఉస్మానియా టెక్నాలజీ కళాశాల ఉంది. వరంగల్‌లో నిట్, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ ఉన్నాయి. ఈ సంస్థల ఆచార్యులతో పాటు ప్లాంట్లలో ప్రమాద అవకాశాలను పసిగట్టే హజాప్ అధ్యయనాలు చేసిన అనుభవజ్ఞులను ఒక సంఘంగా కూర్చి, నమూనా ప్రశ్నపత్రాన్ని, తెలుగు వివరణలతో పాఠ్యసామగ్రిని ఉచితంగా విడుదల చేయాలి. ఆ సంఘాన్ని ఈ విద్యాసంవత్సరంలోనే నియమించాలి.